మామగారి కంప్యూటర్‌లో టైము తప్పు

చిరంజీవి అల్లుడుగారికి మామయ్య దీవించి రాయునది.

మీరు పంపిన కంప్యూటరు క్షేమంగా చేరింది. అది కదలకుండా పెట్టెలో మీరు కుక్కిన పాత తువ్వాళ్లను ఉతికి ఆరేశాను. వాటికి అంత ఉల్లిపాయ వాసన ఎందుకు పట్టిందో మాత్రం నాకు అంతు చిక్కలేదు.

నేను రిపేర్లు తీసుకోవడం మానేశానని మా అమ్మాయి మీ దగ్గర బాధపడిందట. షాపు రోజూ తెరుస్తూనే ఉన్నాను, కూర్చుంటూనే ఉన్నాను. ఈ రోజుల్లో గడియారాలు ఎవరు పెట్టుకుంటున్నారు గనక? ఊరికే వీధిలోకి చూస్తూ కూర్చుంటే మనిషికి తుప్పు పడుతుందని, కాలక్షేపానికి ఇది పంపారు. మీది మంచి మనసు, కాదనను.

కానీ ఒక్క మాట. నా షాపులో మూడు గోడల నిండా గడియారాలు ఉన్నాయి. అన్నీ ఒకే మాట మీద ఉంటాయి. వాటి మధ్య మీ కంప్యూటరు పెట్టి మీట నొక్కాను. నేను మధ్యాహ్నం భోంచేసి వచ్చి కూర్చుంటే, అది ఇంకా తెల్లారలేదంటోంది. గడియారాల మనిషికి టైము తెలియని యంత్రం పంపడం, వంటవాడికి ఉప్పులేని కూర పంపడం లాంటిది. ఇది వేళాకోళమా, లేక ఇక నా టైము అయిపోయిందని సూచనా? తెలియపరచగలరు.

ఫోనులో అడగొచ్చు. కానీ ఫోనులో మన సంగతి మీకు తెలిసిందే. "బాగున్నారా" అంటే "బాగున్నాను" అంటారు. ఆ తర్వాత ఇద్దరం గాలి పీల్చుకుంటూ నిలబడతాం. ఉత్తరమే నయం.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: తెర మీద ఒక లావుపాటి పక్షి బొమ్మ ఉంది. దాన్ని ఎంత నొక్కినా ఏమీ చెయ్యడంలేదు. దానికి జీతం దండగ.

---

పూజ్యులైన మామగారికి మీ అల్లుడు చేతులు జోడించి రాసుకునేది.

మీ ఉత్తరం చదివాక నాకు రెండు పూటలు ముద్ద దిగలేదు. వేళాకోళం కాదండీ. ఒట్టు. మా కంపెనీలో పక్కన పెట్టేసిన కంప్యూటరు అది. కొన్నాళ్లు మా ఇంట్లో వాడుకున్నాం, తర్వాత దాంట్లో లైనక్స్ అనే సిస్టమ్ వేయించి మీకు పంపాను. ఆ పక్షి పెంగ్విన్, లైనక్స్‌కి గుర్తు. దానికి వేరే పనేమీ లేదు. మా కంపెనీలో భోజనాల దగ్గర అందరూ లైనక్స్ గురించే మాట్లాడుకుంటారు. కొందరైతే ఆ మాటల్లో పడి కూర కూడా మారు వడ్డించుకోరు. అంత గొప్పదన్నమాట.

టైము సంగతి ఆలోచించాను. కంప్యూటరు ఆపేసినా టైము గుర్తుంచుకోవడానికి లోపల బిళ్లలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోయి ఉండాలి. అలాగే ఒకసారి అప్‌డేట్ చెయ్యాలి. టెర్మినల్ అని ఒక నల్లటి కిటికీ ఉంటుంది. అందులో కొట్టాల్సిన మాటలు వెనక పేజీలో రాశాను. పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇవ్వండి.

ఇంకో మనవి. పెళ్లయి ఇంతకాలమైనా మీరు నన్ను "మీరు" అనే అంటున్నారు. అలా అన్నప్పుడల్లా బ్యాంకు మేనేజరు లోపలికి పిలిచినట్టు చొక్కా సర్దుకుంటాను. "నువ్వు" అంటే సంతోషిస్తాను. మా ఇంటికి కూడా మీరు ఒక్కసారీ రాలేదు. వస్తే ఇంకా సంతోషిస్తాను.

మీ ఆశీస్సులు కోరే,
అల్లుడు

తా.క.: మీ అమ్మాయి అడగమంది. మీ అక్షరాలు ముత్యాల్లా ఉండేవి, ఈసారి ఇలా ఊగిసలాడుతున్నాయేమిటి, ఉత్తరం బస్సులో కూర్చుని రాశారా అని.

---

చిరంజీవి అల్లుడుగారికి దీవెనలు.

ఉత్తరం బస్సులో రాయలేదు. కలం మంచిది కాదు. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.

కంప్యూటరు వెనక మూత విప్పాను. మీరన్న బిళ్ల బ్యాటరీ కనబడింది. ఆరి! నా సొరుగులో ఉండే బిళ్లే. ఇంత పెద్ద పెట్టె, ఇంతమంది ఇంజనీర్లు, ఇన్ని తీగలు! చివరికి ప్రాణం నా సొరుగులోని బిళ్ల మీద ఆధారపడింది. ఆ రోజు నాకు అన్నం కాస్త ఎక్కువే పట్టింది.

బిళ్ల మార్చి టైము సరిచేశాను. బాగుంది. మర్నాడు మీట నొక్కినప్పుడు, పెంగ్విన్ కావాలా, ఇంకోటి కావాలా అని అడిగింది. ఆ ఇంకో సిస్టమ్ ఎలా ఉంటుందో చూద్దామని అందులోకి వెళ్లి, మళ్లీ పెంగ్విన్‌లోకి వచ్చాను. టైము మళ్లీ తప్పు. సరిచేసి అటు వెళ్తే అటు తప్పు. ఇటు వస్తే ఇటు తప్పు. ఇన్నేళ్లలో నేను ఇలాంటి దొంగ గడియారాన్ని చూడలేదు.

పోతే, మీ నల్ల కిటికీ. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. తెర మీద ఒక్క అక్షరం పడలేదు, చుక్క కూడా పడలేదు. మీటల కింద దుమ్ము చేరి ఉంటుందని కీబోర్డు విప్పాను. మీటలన్నీ పీకి, బ్రష్షుతో తుడిచి, వరస తప్పకుండా మళ్లీ బిగించాను. మీటలు పెద్దవి కాబట్టి ఇబ్బంది పడలేదు. ఇప్పుడు కీబోర్డు పెళ్లికూతురిలా ఉంది. పాస్‌వర్డ్ మాత్రం పడలేదు. మళ్లీ విప్పాను.

మీకు కంప్యూటరు కంపెనీలో ఉద్యోగమని సంబంధం తెచ్చిన పెద్దమనిషి చెప్పాడు. కనుక మీకు తెలిసే ఉంటుంది. దయచేసి చెప్పండి.

మామయ్య

తా.క.: కీబోర్డులో మీ ఇంటి అన్నం మెతుకులు దొరికాయి. పారేశాను.

---

పూజ్యులైన మామగారికి నమస్కారాలతో అల్లుడు.

దయచేసి కీబోర్డుని మూడోసారి విప్పకండి! అది బాగానే ఉంది. లైనక్స్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే కనబడదు. పక్కవాళ్లు అక్షరాలు లెక్కపెట్టకుండా ఆ ఏర్పాటు. పెద్ద గిన్నెలో ఉప్పు వేసినట్టే. వేసింది కంటికి కనబడదు, పడటం మాత్రం పడుతుంది. కొట్టేసి ధైర్యంగా ఎంటర్ నొక్కండి.

టైము గుట్టు కూడా తెలిసింది. మీ కంప్యూటరులో రెండు సిస్టమ్‌లు కాపురం చేస్తున్నాయి, లోపల గడియారం ఒక్కటే. లైనక్స్ ఆ గడియారాన్ని ప్రపంచమంతటికీ ఒకే టైములో నడుపుతుంది. మనకు చూపించేటప్పుడు మాత్రం మనం ఉన్న చోటుని బట్టి లెక్క కట్టి చూపిస్తుంది. ఇంకోటి అలా కాదు, లోపలి గడియారాన్నే మన టైముకి తిప్పేస్తుంది. ఇదొచ్చి తిప్పుతుంది, అదొచ్చి చూసి తికమకపడుతుంది. ఒకే పొయ్యి మీద ఇద్దరు వండితే అంతే కదండీ.

రెండిట్లో మీకు నచ్చినదొక్కటే ఉంచుకుంటే గొడవ తీరిపోతుంది. ఎలా చెయ్యాలో వెనక రాశాను, దానికి కావలసిన పెన్‌డ్రైవ్ కూడా ఇందులో పెడుతున్నాను.

మీ అల్లుడు

తా.క.: ఇంకా "మీరు" అనే అన్నారు. చూశాను.

---

మామగారూ,

ఈ ఉత్తరం నిన్నటి ఉత్తరం వెనక పరుగెత్తుకుంటూ వస్తోంది. ముందు ఇదే చేరాలని కోరుకుంటున్నాను.

ఆగండి! దేన్నీ తుడిచెయ్యకండి! ఆ ఇంకో సిస్టమ్‌లో మా పెళ్లి ఫోటోలున్నాయి. అత్తయ్యగారు నవ్వుతున్న ఫోటో కూడా అందులోనే ఉంది. పోయేముందు ఆవిడ తీయించుకున్న చివరి ఫోటో అదే. ఇంకెక్కడా లేదని మీ అమ్మాయి నిన్న రాత్రి నాకు గుర్తు చేసింది. ఎలా గుర్తు చేసిందో రాయడానికి చెయ్యి రావడంలేదు. ఇంకా నా ఆఫీసు ఫోటోలు కొన్ని ఉన్నాయి. వాటిని చూడకపోయినా పరవాలేదు. అసలు చూడకపోవడమే మంచిది.

కంగారులో,
అల్లుడు

---

చిరంజీవి అల్లుడుగారికి దీవెనలు.

చూశారా, అచ్చు ఉత్తరం! లైనక్స్‌లో తెలుగు కొట్టడం నేర్చుకున్నాను. పక్క షాపు దర్జీ దగ్గరున్న ప్రింటరులో అచ్చు వేయించాను. ఇకమీదట అక్షరాలు ఊగిసలాడవు.

మీరు చెప్పిన గడియారం సంగతి నాకు ఎంతో నచ్చింది. లోపలి గడియారాన్ని ముట్టుకోకుండా, ఎవరి చోటుకి తగ్గట్టు వారికి లెక్క చెప్పడం! నిఖార్సయిన పనివాడి పద్ధతి అది. ఎదుటివాడికి టైము తప్పు కనబడిందని లోపలి చక్రాలు తిప్పేసేవాడు పనివాడు కాడు. ఆ మాటతో నేను పెంగ్విన్ పక్షం అయిపోయాను. ఇంకో సిస్టమ్‌ని తుడిచేశాను. కంప్యూటరు ఇప్పుడు కడిగిన పలకలా ఉంది.

అప్పట్నుంచి నాకు నిలకడ లేదు. ఈ లైనక్స్‌లో డెస్క్‌టాప్ ఒకటి కాదు, ఎన్నో రకాలున్నాయట! నచ్చకపోతే మార్చుకోవచ్చు. కింద ఉండే పట్టీని పైకి పెట్టాను. తర్వాత ఎడమకి పెట్టాను. ఇప్పుడు మళ్లీ కింద ఉంది, కానీ అది నేను ఇష్టపడి పెట్టిన కింద. మూలన ముళ్ల గడియారం కూడా పెట్టాను. సెకన్ల ముల్లు గంతులు వేస్తుంటే, సాఫీగా జరిగేలా చెయ్యొచ్చా అని దాన్ని తయారుచేసినవారికి రాశాను. వారు జవాబు రాశారు! ఎక్కడి మనిషో, ఏ భాషో! ముల్లు గురించి ఇద్దరం చాలా మాట్లాడుకున్నాం.

ఇంత చేసి ఎవరూ డబ్బులడగలేదు. మొదట భయమేసింది. తర్వాత అలవాటైంది.

ఇట్లు,
మామయ్య

తా.క.: ఇన్నాళ్లూ దారిలో ఎక్కడ తిరిగిందో గానీ, మీ ఇంకో ఉత్తరం ఇప్పుడే పోస్టులో వచ్చింది. ఇది కవరులో పెట్టి అంటించేశాను కనుక, తీరిగ్గా చదివి తర్వాత జవాబిస్తాను. ఈ ముక్క కవరు మీద దర్జీ చేత రాయిస్తున్నాను.

---

మామగారికి,

నమస్కారం పెట్టడానికి కూడా చేతులు లేవట్లేదు. తీరిగ్గానా?

తుడిచేశారని చదివి మీ అమ్మాయి కూర్చుండిపోయింది. మొదట ఏడవలేదు. ఆ అచ్చు కాగితాన్ని వెలుగులోకి పట్టుకుని ముందూ వెనకా చూసింది. "నాన్న నాకు బడికి చీటీ రాసిచ్చినా చేత్తోనే రాశాడు. ఇది లాయరు నోటీసులా ఉంది. ఆయనకి మన మీద కోపమొచ్చింది, అందుకే చేతి రాత కూడా మనకి దక్కనివ్వట్లేదు" అని అప్పుడు ఏడ్చింది. బస్సు మాట మీకు రాసింది నేను కాబట్టి, తప్పంతా నాదేనని తేల్చింది. అడగమంది తనే అన్న సంగతి గుర్తు చెయ్యబోయాను. ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది.

ప్రస్తుతం మా ఇంట్లో మాటల్లేవు. ఉప్పు డబ్బా కావాలంటే గాలిలోకి చెబుతోంది. నేను గాలిలోంచి విని అందిస్తున్నాను.

కాలక్షేపానికని ఇస్తే అత్తయ్యగారి నవ్వు పోగొట్టిన అల్లుణ్ణయ్యాను. మీకు ఏ ముఖంతో కనబడను?

మీ
అల్లుడు

---

చిరంజీవి అల్లుడుగారికి దీవెనలు.

ముందు ఊపిరి పీల్చుకోండి. తర్వాత చదవండి.

గడియారాల పనిలో ఒక పద్ధతుంది. ఏ గడియారం విప్పినా ముందు పళ్లెం పెట్టుకోవాలి. తీసిన ప్రతి ముక్కనీ తీసిన వరసలోనే పళ్లెంలో పెట్టాలి. పళ్లెం లేకుండా మూత తియ్యకూడదని మా గురువు నా వేళ్ల మీద కొట్టి నేర్పాడు. కంప్యూటరైతే మాత్రం ఊరుకుంటానా? తుడవకముందే లోపల ఉన్నవన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకున్నాను. అదే నా పళ్లెం. ఆ సంగతి రాయాలని తోచలేదు. గడియారం తిరిగి ఇచ్చేటప్పుడు, నీ చక్రాలు పారెయ్యలేదు నాయనా అని ఎవరైనా చెబుతారా?

పళ్లెం ఈ కవరులో ఉంది. ఒక్కటీ పోలేదు. అన్నీ సరిగ్గా వచ్చాయో లేదోనని ఒక్కొక్కటీ తెరిచి చూసుకున్నాను. మీ అత్తయ్య ఫోటో దగ్గర చాలాసేపు ఆగాను. ఆవిణ్ణి ఇప్పుడు నా డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాను. ముళ్ల గడియారం ఆవిడ భుజం పక్కన వస్తుంది. టైము మించిపోయిందని భోజనానికి పిలిచేది ఎప్పుడూ ఆవిడే.

అచ్చు ఉత్తరానికి కారణం కోపం కాదు. అమ్మాయికి చెప్పండి.

ఇక అసలు సంగతి. దర్జీ తన అటక మీద పడేసిన కంప్యూటరు తెచ్చి, "ఇది ముసలిదైపోయింది, ఏమైనా చెయ్యగలవా?" అన్నాడు. తేలికపాటి లైనక్స్ ఒకటి వేశాను. లేచి కూర్చుంది! ముసలిదైపోవడం కాదు, దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు, అంతే. ఇప్పుడు మందుల షాపావిడ కూడా ఒకటి తెచ్చింది. కానీ దర్జీ కంప్యూటరులో పాటలు వినబడటంలేదు, తెర మీద మాత్రం పాడుతున్నట్టే ఉంటుంది. ప్రింటరు కూడా దాన్ని ఆనవాలు పట్టడంలేదు. మీరు కంప్యూటరు మనిషి కదా, అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. తొందరేమీ లేదు. వెతికి, తీరిగ్గా రాయండి.

మామయ్య

తా.క.: మందుల షాపావిడ కంప్యూటరుకి అసలు జబ్బేమీ లేదు. తీగ ఊడింది. అయినా లైనక్స్ వేశాను.

---

పూజ్యులైన మామగారికి పాదాభివందనాలు. ఈసారి రెండు పాదాలకీ.

పళ్లెం చేరింది. మీ అమ్మాయి అత్తయ్యగారి ఫోటో తెరిచి నవ్వింది, ఏడ్చింది, ఉప్పు డబ్బా నన్నే నేరుగా అడిగింది.

పాటల సంగతి: శబ్దం వేరే దారిలో పోతోంది. సెట్టింగుల్లో స్పీకరు మార్చమనండి. ప్రింటరు సంగతి తేలడానికి ఎక్కువ కాలం పట్టింది, ఏం చెయ్యాలో వెనక పేజీలో రాశాను. నిజం చెప్పాలంటే, మీరు చెప్పేవన్నీ చేసి చూడటానికి మీ అమ్మాయి కంప్యూటరులో కూడా లైనక్స్ వేశాను. ఆమెను అడిగే వేశాను. ఆమె నిద్రలో "ఊఁ" అంది. తెల్లారాక ఆ "ఊఁ" చెల్లదంది. కానీ ఇప్పుడు ఆమె కంప్యూటరు మునుపటికన్నా చురుగ్గా తెరుచుకుంటోంది, అందుకని తిట్లు సగమయ్యాయి. నేను కూడా పట్టీని పైకి పెట్టాను, ఎడమకి పెట్టాను. మీరు రాసింది నిజమే మామగారూ. చివరికి కిందే బాగుంది.

పొద్దున లేవగానే టీ పెట్టకముందే టెర్మినల్ తెరుస్తున్నాను. ఒక చిన్న తప్పు దిద్దుకోగానే, పెద్ద గిన్నెడు కూర అడుగంటకుండా దించినంత హాయిగా ఉంటోంది. మీరు అడగకపోయి ఉంటే ఈ రుచి నాకు తెలిసేది కాదు.

రెండు కోరికలు. ఒకటి, మీ అమ్మాయికి చేత్తో ఒక్క వాక్యం రాయండి. అచ్చుదెంత బాగున్నా ఆమె తాకి చూసి పక్కన పెట్టేస్తోంది. రెండు, మా ఇంటికి రండి. నా ఉద్యోగం గురించి మీతో ఒక మాట చెప్పాలి. ఉత్తరంలో రాయలేను, ఫోనులో అసలు చెప్పలేను. అది విన్నాక మీరు నన్ను "నువ్వు" అనకపోయినా సరే, రావడం మాత్రం మానకండి.

మీ
అల్లుడు

తా.క.: మీ అమ్మాయి అంటోంది, ఇంట్లో రెండో పెంగ్విన్‌కి చోటులేదట. మొదటిది నేనేనట.

---

నాయనా,

నీ ఉద్యోగం గురించి నువ్వేమీ చెప్పనక్కర్లేదు.

పళ్లెంలో ముక్కలన్నీ సరిచూసుకున్నానని రాశాను కదా. ఆఫీసు ఫోటోలు కూడా చూశాను. నెత్తిన తెల్ల టోపీ, ముందు ఏప్రాను, చేతిలో నీ అంత పొడుగు గరిటె, ఎదురుగా కంచాలు పట్టుకుని వరసలో కంప్యూటరు ఇంజనీర్లు. వాళ్లలో ఒక్కడి ముఖంలోనూ లేని తృప్తి నీ ముఖంలో ఉంది. ఉల్లిపాయ తువ్వాళ్ల మర్మం అప్పుడు విడింది.

నువ్వు అబద్ధమాడలేదు. పెద్దమనిషి కంప్యూటరు కంపెనీ అన్నాడు, అక్కడ ఏ పని అని నేను అడగలేదు. చేత్తో పనిచేసే అల్లుడు దొరకలేదే అని లోపల్లోపల నొచ్చుకుని, అందుకే నీతో దూరంగా ఉన్నాను. మీ ఇంటికీ రాలేదు. చూడు, ఎంత తెలివైనవాణ్ణో.

ఆ ఫోటో చూశాక కూడా నిన్ను ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాను. ఎందుకంటావా? తెలిసినవాణ్ణి అడిగితే జవాబు చెప్పి తన దారిన పోతాడు. తెలియనివాడైతే నాతోపాటు కూర్చుని వెతుకుతాడు. నాకు కావలసింది జవాబు కాదు.

ఇప్పుడు నా ఉద్యోగం సంగతి. గడియారాలు ఎవరు పెట్టుకుంటున్నారన్నది సాకు. గడియారాలు వస్తూనే ఉన్నాయి. నా చేతులే వణుకుతున్నాయి. ఒక చిన్న మరని, అదే స్క్రూని, పట్టుకారుతో పట్టి పైకెత్తితే, అది ఎక్కడ పడిందో వెతకడానికే సాయంత్రమవుతోంది. ఒకాయన తన తండ్రి గడియారం తెస్తే, విప్పకుండానే చేతిలో పెట్టి పంపించేశాను. ఆ రోజు నుంచి ఎవరి గడియారమూ ముట్టుకోలేదు. ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకి చూపించాను. జబ్బు చేతులకి మాత్రమే, మనిషికి ముప్పులేదన్నాడు. అమ్మాయిని కంగారుపడవద్దను.

అప్పుడే నీ కంప్యూటరు వచ్చింది. అందులో వేలు వణికి తప్పు అక్షరం పడితే చెరిపేసి మళ్లీ కొట్టొచ్చు. పెద్ద మరలు, పెద్ద మీటలు. మూత తీసి లోపల ఎలా నడుస్తుందో చూసుకోవద్దని చెప్పేవాడు లేడు. షాపు తలుపు తీస్తున్నప్పుడు నాకు మళ్లీ తొందరగా ఉంటోంది నాయనా. ఎన్నాళ్లయిందో ఆ తొందర వచ్చి. నువ్వు దాన్ని కాలక్షేపానికి పంపావు. నాకు పని దొరికింది.

ఈ ఉత్తరం చేత్తో రాస్తున్నాను. అక్షరాలు ఊగుతున్నాయి. బస్సులో లేను. అమ్మాయికి ఇవ్వు, తాకి చూసుకోమను. ఆమె ఏడిస్తే నువ్వు పక్కన ఉండు.

ఆదివారం వస్తున్నాను.

నీ
మామయ్య

తా.క.: వంట నువ్వే చెయ్యి. అమ్మాయి వంట నాకు తెలుసు. ఆ మాట మాత్రం ఆమెకి చదివి వినిపించకు.

ఇంకో తా.క.: మీ గోడ గడియారం కాస్త ముందు నడుస్తోందని అమ్మాయి ఎప్పుడో చెప్పింది. నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోకు. పళ్లెం ఒకటి సిద్ధంగా పెట్టు. ఎక్కడ ఏది విప్పాలో నేను చెబుతాను. చిన్న మరలు నువ్వు పట్టుకో.